పాత కారు ఆగిన చోటే చూడండి

సంపాదకులకు నమస్కారం.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంకా చాలా ఇళ్ల ముందు అంబాసిడర్, పద్మిని కార్లు ఉన్నాయి. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఇక కొత్తది రాదు. అలాంటి బళ్లని "ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలీదండీ, ఈ టెన్షన్ మావల్ల కాదు" అంటూ పాత ఇనుముకి అమ్మేస్తుంటే నాకు చాలా బాధేస్తోంది. ఆగుతూ నడుస్తూ ఉండే బండిలో చాలాసార్లు ఇంజిన్ బాగానే ఉంటుంది, పాడైంది ఏదో చిన్న సామాను.

మా 1971 అంబాసిడర్ చల్లగా ఉన్నంతసేపు శుభ్రంగా నడిచేది. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే ఠక్కున ఆగిపోయేది, కాసేపు నీడలో ఉంచితే మళ్లీ స్టార్టయ్యేది. గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ ఆగదు కదా, అందుకని ఊహ మీద కార్బురేటర్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, పెట్రోల్ పంపు కూడా మార్చారు, డబ్బులు పోయాయి గానీ బండి మాత్రం అలాగే ఆగేది. చివరికి ఒక పెద్దాయన, పాత మెకానిక్, మాతో పాటు ఘాట్ దాకా వచ్చారు. ఆగిన వెంటనే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) మధ్య వైరు తీసి, ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఇంజిన్ బ్లాక్‌కి కొంచెం ఎడంగా పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నారు. స్పార్క్ లేదు. స్పార్క్‌కి కావలసినంత కరెంటు పెంచి ఇచ్చే కాయిల్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. లోపలి చుట్టలో సన్నని తీగ ఎక్కడో తెగి ఉంటే వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉండే చిన్న డబ్బీ లాంటి కండెన్సర్ కూడా ఇలాగే చేస్తుంది. గ్యారేజీకి వచ్చేసరికి రెండూ చల్లారిపోతాయి, అందుకే అక్కడ ఎంత వెతికినా దొరకదు.

స్పార్క్ నీలంగా, బలంగా ఉంటే అప్పుడు పెట్రోల్ వైపు వెళ్లాలి. ముందు ట్యాంకు మూత తీయండి. గాలి లోపలికి లాగిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి నడిస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. ట్యాంకులో తుప్పు ఉంటే అది పైపు నోటికి అడ్డం పడుతుంది, బండి ఆగాక కిందికి జారిపోతుంది. ఎండలో పెట్రోల్ పైపులోనే ఆవిరైపోవడం ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, కాబట్టి ఇథనాల్‌కి తట్టుకునే పైపులు వేయించడం మంచిది. వేడితో సంబంధం లేకుండా గతుకుల్లోనో, యాక్సిలరేటర్ తొక్కినప్పుడో దగ్గినట్టు చేస్తే డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకి (కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండేవి) వెళ్లే సన్న వైరు చూడాలి. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు తెగి ఉంటాయి.

బండి ఎప్పుడు ఆగింది, వేడిలోనా చల్లగానా, ఎత్తులోనా గతుకులోనా, ఎంతసేపటికి మళ్లీ లేచింది, ఇవి రాసుకుని మెకానిక్‌కి చెప్పండి. అవి వినకుండా సామాన్లు మార్చేద్దాం అంటే ఒప్పుకోకండి. యాభై ఏళ్లు దాటిన బళ్లకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది, రోజువారీ తిరగడానికి మాత్రం కాదు. ఇనుముకి ఇచ్చేముందు అది కూడా ఆలోచించండి.

ఒక జాగ్రత్త తప్పకుండా అచ్చు వేయండి. స్పార్క్ చూసేటప్పుడు పెట్రోల్ పైపు విప్పి ఉంచకూడదు, దగ్గర్లో పెట్రోల్ వాసన కూడా ఉండకూడదు. స్పార్క్, పెట్రోల్ రెండూ ఒకేసారి చూస్తే బండి తగలబడొచ్చు.

– ఒక అంబాసిడర్ యజమాని, కంటోన్మెంట్, విజయనగరం