మునిగిన మోటార్లన్నీ తుక్కేనా?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ చెన్నై పేజీలో పాత ఇనుము కొట్టు ముందు గుట్టపోసిన మోటార్ల ఫోటో వేసి, నీట మునిగినవి ఇక పనికిరావని రాశారు. ఆ పేపరు ముక్క పట్టుకొని అంబత్తూరులో మా వైండింగ్ షాపుకు ఇద్దరొచ్చారు. బాగుచేయించుకోవడానికి కాదు, 'మీరే కొనుక్కుంటారా, కిలో ఎంతిస్తారు?' అని అడగడానికి! ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, నాకెలా ఉంటుందో మీరే చెప్పండి.

మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే గానీ, ముందు రోజు 2023 డిసెంబరు 4న మమ్మల్ని ముంచి మరీ వెళ్లింది. మా ఎస్టేటులో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. అయినా మునిగినంత మాత్రాన మోటారు లోపలి రాగితీగ చుట్ట, అదే వైండింగు, కాలదండీ. తడి ఆరకుండా కరెంటిస్తేనే కాలుతుంది.

వేళచ్చేరిలో నాకు తెలిసిన అపార్ట్‌మెంటు ఒకటుంది. సెల్లార్లో నీళ్లు తోడేశారు, మూడో రోజు రాత్రి కరెంటొచ్చింది. సంపు మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు. ఎవరూ మెయిను తియ్యలేదు. అది దానంతటదే తిరగబోయింది, ఢామ్మని ఒక చప్పుడు, పొగ. రెండో మోటారు మెయిను మాత్రం వాచ్‌మన్ ఎందుకో ముందే తీసి ఉంచాడు (జీతం పెంచమని నేనే చెప్పాను). దాన్ని విప్పితే లోపల బురద, ఒక చచ్చిన బొద్దింక. ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూపే నా పాత చేతిమీటరు, మెగ్గరు, ముల్లు సున్నా మీదే పడుకుంది. మంచినీళ్లతో బురదంతా కడిగి, ఓవెన్లో 80, 90 డిగ్రీల మధ్య రెండు రాత్రులు ఉంచాం. తొందరపడి వేడి పెంచితే లోపలి తేమ ఆవిరై ఇన్సులేషన్‌ను చీల్చేస్తుంది. ముల్లు 20 మెగోమ్‌లు దాటాక వార్నిష్ పట్టించి మళ్లీ ఆరబెట్టి, కొత్త బేరింగులు వేశాం. ఇప్పుడు నీళ్లెక్కిస్తోంది. రివైండింగుకయ్యేదాంట్లో సగం కూడా ఖర్చు కాలేదు. నా గిరాకీ కోసం రాస్తున్నానంటారేమో, కాలిపోయిన మోటారులోనే నాకు నాలుగు డబ్బులు ఎక్కువ మిగిలేది.

అక్కడి జనరేటరుకు ఆ అదృష్టం లేదు. డిప్‌స్టిక్ తీసి చూసి ఉంటే ఆయిలు నీళ్లు కలిసి పాలెక్కువైన టీలా కనబడేది. చూడకుండా సెల్ఫ్ కొట్టారు. సిలిండర్లో చేరిన నీళ్లు నొక్కితే నలిగేవి కావు కదా, కనెక్టింగ్ రాడ్డు వంగింది. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరునన్నా కడిగి ఆరబెట్టి, వోల్టేజిని అదుపులో ఉంచే ఏవీఆర్ కార్డు మార్చి దక్కించుకోవచ్చన్నాను. వింటేగా, మొత్తం తూకానికి ఇచ్చేశారు. తుక్కు కొన్నవాడికి రాగి విలువ బాగా తెలుసు, మారుమాట్లాడకుండా బండికెక్కించుకున్నాడు.

2015 డిసెంబరులోనూ ఇదే సెల్లార్, ఇదే జనరేటరు మునిగింది. పైకెత్తిస్తామన్నారు. ఎత్తింది మెయింటెనెన్సు చార్జీలే. ప్లాను పాసు చేసే దొరలకు గుంటలో పెట్టిన జనరేటరు ఎందుకు కనబడదో! పక్కనే పళ్లికరణై చిత్తడిని 2022లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కించి సంబరపడ్డాం. దాని చుట్టూ లేచిన ఫ్లాట్లకు ఏ జాబితా అడ్డొచ్చింది?

సర్కారువాళ్లు వరద సాయంగా రేషన్ కార్డుకు 6,000 రూపాయలు ఇచ్చారు, కాదనను. ఇల్లు కదలొద్దని మైకుల్లో అరిచినవారే కరెంటిచ్చే ముందు 'మునిగిన మోటార్ల మెయిన్లు తీసెయ్యండి' అని ఒక్క కేక వేసి ఉంటే? దానికి బడ్జెట్టు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. మీరూ ఫోటో తీయించారే గానీ ఒక వైండరును అడిగిన పాపాన పోలేదు.

ఇంకా బురదతో మూలన పడి ఉన్నవుంటే పొంగల్ అయ్యాక చూద్దామనుకోవద్దని మీ పాఠకులకు చెప్పండి. రోజు గడిచేకొద్దీ తుప్పు పాకుతుంది. నా దగ్గరికే రానక్కర్లేదు, మెగ్గరున్న ఏ షాపుకైనా తీసుకెళ్లమనండి. ఆ ఫోటోకిచ్చినంత చోటు దీనికీ ఇస్తే సంతోషిస్తాను.

– ఒక వైండింగ్ షాపు యజమాని,
అంబత్తూరు, చెన్నై