గ్లూకోమీటరుకు చిక్కని తీపి: తమిళనాడు ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

2021 ఆగస్టులో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద మహిళా ఆరోగ్య వలంటీర్లు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు. మందులు గుమ్మంలోకే తెచ్చిస్తున్నారు. చూళై, మైలాపూరు, కోడంబాక్కం సందుల్లోని తెలుగిళ్లలో పెద్దవాళ్లకు అది పెద్ద ఆసరా. కాలేయంలో పేరుకునే కొవ్వునూ కనిపెట్టేలా ఆ పథకానికే ఒక చిన్న చేర్పు కోరుతూ చెన్నైలోని తెలుగు వైద్యులం, పోషకాహార నిపుణులం ఈ లేఖ రాస్తున్నాం. వలంటీరు చేతిలోని గ్లూకోమీటరు గ్లూకోజ్‌నే కొలుస్తుంది. మనం తినే చక్కెరలో సగం మాత్రమే గ్లూకోజ్, మిగతా సగం ఫ్రక్టోజ్. ఆ రెండో సగం చేసే చెరుపు వేలి చివరి రక్తపు చుక్కలో బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఎందుకో చెప్తాం. గ్లూకోజ్‌ను మెదడు, కండరాలు, ఒళ్లంతా పంచుకుంటాయి. ఫ్రక్టోజ్ కొద్దిగా అయితే చిన్నపేగే సర్దుకుంటుంది, ఎక్కువైతే భారమంతా కాలేయం మీద పడుతుంది. గ్లూకోజ్ దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము కాపలా ఉంటుంది. కణంలో శక్తి చాలినంత ఉంటే అది దారి మూసేస్తుంది. ఫ్రక్టోజ్ ఆ కాపలా దాటిన చోట వచ్చి కలుస్తుంది కాబట్టి దాన్ని ఆపేవారుండరు. అలా వచ్చిపడినదాంట్లో కొంత కొవ్వుగా మారి కాలేయంలో పేరుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా రక్తంలోకి వెళ్తుంది. ఒక్కో ఫ్రక్టోజ్ అణువును పట్టుకోవడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. ఒక్కసారిగా ఎక్కువ వస్తే ఏటీపీ తరిగిపోయి, ఆ తుక్కు యూరిక్ యాసిడ్‌గా తేలుతుంది. ఇంత జరుగుతున్నా రక్తంలో గ్లూకోజ్ పెద్దగా కదలదు. తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ను ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ (గ్లూకోజ్‌కు 100) ఫ్రక్టోజ్‌కు 20 దరిదాపుల్లోనే ఉంటుంది. దాన్ని చూపించే ‘షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చు’ అంటూ ఫ్రక్టోజ్ కలిపిన మిఠాయిలు అమ్ముతున్నారు. మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

శాన్ ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఊబకాయం ఉన్న పిల్లలకు 9 రోజులపాటు కేలరీలు తగ్గించకుండా, తీపి తీసేసి ఆ స్థానంలో పిండిపదార్థాలు పెట్టి చూశారు. కాలేయంలో కొవ్వు తగ్గింది. వేరే బృందంతో పోల్చి చేసిన పరీక్ష కాదన్న పరిమితి దానికి ఉంది. అయినా కాలేయం అంత త్వరగా తేరుకోగలదన్న సంగతి ముఖ్యం.

ఇక మన వీధిలోకి వద్దాం. జ్యూసు కొట్లో బత్తాయి రసం అడిగితే, మిక్సీలో రసంతోపాటు గరిటెడు చక్కెర పాకం పడుతుంది. చక్కెర, నీళ్లు సమంగా తూచి కాచిన పాకం 50 మిల్లీలీటర్లు పోస్తే అందులో చక్కెర 30 గ్రాములు. పండులోదీ కలిస్తే గ్లాసు 40 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మేలైన హద్దు రోజుకు సుమారు 25 గ్రాములు. ఒక్క గ్లాసుతో ఆ హద్దు దాటిపోయింది. అదే బత్తాయి తొనలు వలుచుకు తింటే పీచుతో కలిసి నెమ్మదిగా దిగుతుంది, రెండు పండ్లకే కడుపు నిండుతుంది. పండ్లు తినొద్దని మేం అనడం లేదు.

వలంటీర్లు అడిగే ప్రశ్న కూడా మారాలి. ‘చక్కెర మానేశారా?’ అంటే ‘మానేశానమ్మా, కాఫీలో కరుప్పట్టే’ అన్న జవాబు వస్తుంది. తాటిబెల్లమైనా చెరకు బెల్లమైనా అందులో ఎక్కువ భాగం చక్కెరే. తేనెలో ఫ్రక్టోజ్ దాదాపు 40 శాతం. ‘నిన్న పొద్దుటినుంచి ఏమేం తాగారు, ఎన్నిసార్లు, తీపి దేనితో?’ అని అడిగితే అసలు లెక్క తేలుతుంది.

కిట్‌లో ఒక టేపు పెట్టించండి. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే కాలేయం గురించి ఆలోచించాలి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. చీర కుచ్చిళ్ల మీదనో లంగా బొందు మీదనో కొలిస్తే అంకె తప్పుతుంది. కొలత దాటినవాళ్లకు పరగడుపున ట్రైగ్లిజరైడ్లు (డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువే), కాలేయపు ఎంజైములైన ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, రక్తంలో ప్లేట్‌లెట్లు చూడాలి. ఏఎల్‌టీ మామూలుగా ఉందని వదిలేయకూడదు, కొవ్వు పట్టిన కాలేయంలోనూ అది మామూలుగానే ఉండొచ్చు. వయసు, ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, ప్లేట్‌లెట్ల అంకెలతో కాలేయం గట్టిపడే ముప్పును లెక్కగట్టే ఫిబ్-4 స్కోరు 1.3 దాటితే (65 ఏళ్లు పైబడితే 2) పెద్దాసుపత్రికి పంపి, కాలేయం ఎంత గట్టిపడిందో చూపే ఫైబ్రోస్కాన్ తీయించాలి. 35 ఏళ్లలోపు వాళ్లలో ఈ స్కోరును నమ్మలేం. కాలేయపు కొవ్వును షుగర్, బీపీల కార్యక్రమంలో కలపాలని కేంద్రం 2021 ఫిబ్రవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి మేం అడుగుతున్నది కొత్త పథకం కాదు.

పన్నుల విషయం మీ శాఖది కాదని తెలుసు, అయినా ఆర్థిక మంత్రి గారితో ఒక మాట అనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. గ్యాసు లేని పండ్ల పానీయాల మీద 12 నుంచి 5కి తగ్గింది. చక్కెర మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. పన్ను గ్యాసును బట్టి కాక, 100 మిల్లీలీటర్లలో చక్కెర ఎన్ని గ్రాములో దాన్ని బట్టి ఉండాలని తమిళనాడు జీఎస్టీ రేట్లు నిర్ణయించే జీఎస్టీ కౌన్సిల్‌లో అడగాలి.

చివరగా చలివేంద్రాలు. ఎండల్లో తీపి రోజ్‌మిల్క్, రంగునీళ్ల సర్బత్తు పంచేవాళ్లది మంచి మనసే. ఆసుపత్రుల దగ్గర పెట్టే పందిళ్లలోనైనా ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, మంచినీళ్లు, పుచ్చకాయ ముక్కలు మాత్రమే పంచాలని మార్చి నెలలోపు జిల్లా అధికారులకు ఉత్తర్వు పంపండి.

భవదీయులు,
చెన్నైలోని కొందరు తెలుగు వైద్యులు, పోషకాహార నిపుణులు