కచార్‌గఢ్‌కు మన బస్సు ఎప్పుడు?

తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,

జై సేవా.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మంత్రులు, అధికారులు వస్తారు, దర్బారు పెడతారు. సంతోషం. ఆ తర్వాత 15 రోజులకే, మాఘ పౌర్ణమికి, గోండులు కలిసే ఇంకో చోటుంది. మహారాష్ట్రలోని గోందియా జిల్లా, సాలెకసా తాలూకాలో ఉన్న కచార్‌గఢ్ గుహ. మన ఆదిలాబాద్ వైపు నుంచీ జనం వెళ్తారు.

బండతో మూసిన ఆ గుహలోంచి మా దేవతలను మా ఆదిగురువు పహండి కుపార్ లింగో విడిపించాడని మా నమ్మకం. లోపల 33 మంది పిల్లలు ఉండేవారని, బండ దొర్లినప్పుడు పాటగాడు హీరాసుక దాని కింద నలిగిపోయాడని అక్కడివాళ్లు చెబుతారు. గోండుల కథలు పాడే మన ప్రధాన్లు కిక్రి అనే తీగల వాద్యం వాయిస్తూ పాడే కథ కొంచెం వేరుగా ఉంటుంది. ఉండనివ్వండి, కథలన్నాక అంతే. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అంటే గోత్రాల గుంపులుగా, మమ్మల్ని ఏర్పరిచింది మాత్రం లింగోనే.

అడిగేది పెద్దదేం కాదు. జాతర రోజుల్లో ఉట్నూరు, ఆసిఫాబాద్‌ల నుంచి కచార్‌గఢ్‌కు ప్రత్యేక బస్సులు వేయించండి. అడవి దారిలో గుట్ట ఎక్కాలి కాబట్టి ముసలివాళ్ల కోసం గోందియా కలెక్టర్‌తో ముందే మాట్లాడి నీళ్లు, వైద్య శిబిరం చూడండి. ప్రధాన్ల పాటను రికార్డు చేయించే పని కూడా మొదలుపెట్టండి. వచ్చే మాఘానికి ముందే జవాబు ఇస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఉట్నూరు ప్రాంత గోండు పౌరుడు