డోర్నకల్ వెళ్ళొచ్చాక

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని రైల్లో డోర్నకల్ తీసుకెళ్ళాం. డోర్నకల్ అంటే మనకు కొత్తగూడెం బండి మారే జంక్షన్. స్టేషన్ దాటి ఊళ్ళోకి వెళ్ళినవాళ్ళం తక్కువే. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) ముందు నిలబడగానే ఒక అమ్మాయి అడిగింది, "సార్, ఇది మసీదా, గుడా, చర్చా?" అని. అడగాల్సిన ప్రశ్నే. పైన గుమ్మటాలు, మినార్లు. లోపలికెళ్తే గుడి మండపంలా స్తంభాలు, వాటి మీద తామరపూలు. కట్టించిన బిషప్ అజరయ్యగారు కావాలనే అలా కట్టించారు. ఇరవై ఏళ్ళు దాటి సాగిన పని 1939 జనవరి 6న ప్రతిష్ఠతో పూర్తయింది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య మనవాడు కాదు, తమిళుడు. 1874లో తిరునెల్వేలి వైపు వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాస్టర్. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు. సరిగ్గా లెక్కల పరీక్ష వేళకు జబ్బు పడ్డారు, పరీక్ష రాయలేకపోయారు. డిగ్రీ చేతికి రాలేదు.

ఈ మాట చెప్తుండగా మా గుంపులో ఒక పిల్లాడు తలెత్తి చూశాడు. అర్ధసంవత్సర పరీక్షలప్పుడు జ్వరంతో లెక్కల పేపరు పోగొట్టుకున్నవాడు. ఆ వారమంతా వాడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. "తర్వాత ఏం చేశారు సార్?" అన్నాడు.

అజరయ్యగారు వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘంలో పనిచేస్తూ ఊరూరా తిరిగారు. 1909లో, ముప్పై అయిదో ఏట, అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి స్థిరపడ్డారు. తెలుగు నేర్చుకుని పల్లెపల్లెకూ వెళ్ళి తెలుగులోనే బోధించారు. ఆ వయసులో కొత్త భాష పట్టడం ఎంత కష్టమో టీచరుగా నాకు తెలుసు. ఆ ఒక్క సంగతికే ఆయనకు చేతులెత్తి దండం పెడతాను.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మిషనరీ దొరలు భారతీయ పాస్టర్లను సాటివాళ్ళుగా చూడడం లేదని మొహం మీదే చెప్పారు. "పేదల కడుపు నింపడానికి మీ ఆస్తులిచ్చారు. కాల్చుకోవడానికి మీ శరీరాలిచ్చారు. మేం ప్రేమ కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితుల్ని ఇవ్వండి" అన్నారు. రెండేళ్ళకు, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆయన్ను బిషప్‌గా చెయ్యొద్దన్నవాళ్ళలో తెల్లవాళ్ళే కాదు, మనవాళ్ళూ ఉన్నారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేర్వేరు క్రైస్తవ సంఘాలు ఒకటి కావాలని ఆయన పాటుపడిన ఐక్యత రెండేళ్ళ తర్వాత, 1947లో, దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) రూపు కట్టింది.

తిరుగు రైల్లో ఆ పిల్లాడు కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో కెథడ్రల్ బొమ్మ గీశాడు. మినార్లు కొంచెం వంకరగా వచ్చాయి. దాన్ని ఆఫీసు గది బయటి బోర్డుకు పెట్టాం, వచ్చినప్పుడు చూడండి.

జ్వరం వల్ల అర్ధసంవత్సర పరీక్షలు రాయలేనివాళ్ళకు వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మళ్ళీ పెడుతున్నాం. డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదు. పిల్లల డైరీలో మీరొక మాట రాసి పంపితే చాలు.

మీ
ప్రధానోపాధ్యాయుడు