గుడి ఎందుకు కట్టారో కూడా బోర్డు మీద రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను చూసిన చాలా పురాతన దేవాలయాల దగ్గర బోర్డు మీద కట్టించినవారి పేరు, కాలం, ఒక స్థలపురాణం మాత్రమే ఉన్నాయి. అంత పెద్ద గుడి అక్కడే ఎందుకు లేచింది, ఆ రూపం ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు దొరకదు.

పాలంపేట రామప్ప గుడినే తీసుకుందాం. నీటిపై తేలే ఇటుకల గురించి అందరం చెప్పుకుంటాం కానీ, ఇసుక నింపిన పునాది మీద శిఖరం బరువు తగ్గించడానికే వాటిని వాడారన్న సంగతి చెప్పుకోం. 1213 నాటి ఆ గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు రాజు కాడు, కాకతీయ గణపతిదేవుని సేనాని. గుడితో పాటే చెరువు, చెరువు కింద సాగు, ఆ రాబడితో పూజలు, చుట్టూ ఊరు: కాకతీయులు రాజ్యాన్ని పెంచుకున్న తీరు ఇది.

తంజావూరు బృహదీశ్వరాలయంలో రాజరాజ చోళుడు తానిచ్చినవి, తన అక్క ఇచ్చినవి, రాణులు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి అన్నీ శ్రీవిమానం, అంటే శిఖరంతో కూడిన గర్భగుడి కట్టడం మీదే చెక్కించాడు. గుడి సొమ్ము గ్రామసభలకు వడ్డీకి వెళ్లి, ఆ వడ్డీతో నైవేద్యాలు, దీపాలు నడిచేవి. భక్తి నిజమే, దాని వెంట రాజ్యపు లెక్కలూ ఉన్నాయి.

విజయాలకూ గుళ్లు గుర్తులయ్యాయి. చాళుక్య రెండవ విక్రమాదిత్యుడు కంచి పల్లవులను గెలిచినా, అక్కడి కైలాసనాథాలయం సొత్తును ఆ దేవుడికే వదిలేశాడు. ఆ విజయానికి గుర్తుగా రాణి లోకమహాదేవి కర్ణాటకలోని పట్టదకల్లులో కట్టించిన విరూపాక్షాలయానికి ఆ కంచి గుడే నమూనా. ఓడిన రాజ్యపు శిల్పరీతిని ఇంత గౌరవంగా తెచ్చుకోవడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

అందుకే గుడి కట్టే శైలుల్లో ఉత్తరాదిది నాగరం, దక్షిణాదిది ద్రావిడం అని గీత గీసి వదిలేయకూడదు. మన అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో తారకబ్రహ్మ తప్ప మిగిలినవాటి మీద వంపు తిరిగి పైకి లేచి, ఉసిరికాయ ఆకారపు ఆమలకంతో ముగిసే నాగర శిఖరాలే ఉన్నాయి. దక్షిణాదిలోనూ రూపం ఒకేలా నిలిచిపోలేదు. తంజావూరులో ఎత్తంతా గర్భగుడి మీది విమానానిది. విజయనగర కాలానికి ఊరేగింపులు, ఉత్సవాలు పెరిగి గోపురాలు, కల్యాణ మండపాలు పెద్దవయ్యాయి.

ప్రతి గుడి దగ్గర దాని శాసనపు సారాంశాన్ని వాడుక తెలుగులో రాయించి, శిఖరం, మండపం, అధిష్ఠానం (గుడి కింది పీఠం) పేర్లతో ఒక బొమ్మ గీయించి పెట్టాలని, అలంపురం, పాలంపేటలతో ఈ పని మొదలుపెట్టాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు