తాళంచెవి ఎక్కడ పెడతావు?

పలమనేరు,
ఆదివారం

ఒరేయ్ మామా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మండీలో ఉన్నా. ఆ గోలలో నీ మాట సగమే వినబడింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. మీ నాయనకు 70 నిండాయి కాబట్టి, 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం ఆయన తుపాకీ లైసెన్సు నీ పేరుకు మార్చమని అడగొచ్చు. అప్లికేషన్ పెట్టావు, సంతోషం. కానీ తుపాకీ తిరుపతిలో మీ ఇంటి గడప తొక్కేలోపే దాన్ని పెట్టి తాళం వేసే ఇనప పెట్టె కొని బిగించు. నీకు ఇద్దరు పిల్లలు, మర్చిపోవద్దు.

వేలిముద్ర లాక్ తీసుకుందామా అన్నావు. నాకు ఇష్టం లేదురా. మా అమ్మ వేలు రేషన్ మిషన్ మీద నాలుగైదుసార్లు పెట్టినా పడదు. తోతాపురి కోతల్లో సొన తగిలి నా వేళ్ల తోలు కూడా ఊడిపోతుంది, ఆ రోజుల్లో నా ఫోనే నన్ను గుర్తుపట్టదు. అదీగాక 2023లో అమెరికాలో ఒక కంపెనీ అలాంటి పెట్టెలు దాదాపు 61,000 వెనక్కి పిలిచింది. ముద్ర ఎక్కించేశామని కొన్నవాళ్లు అనుకున్నారు. నిజానికి అవి ఎవరి వేలు పెట్టినా తెరుచుకునేవి. పన్నెండేళ్ల పిల్లోడి ప్రాణం పోయింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి తాళంచెవి? నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటుంది. మా నాయన తుపాకీ ఉన్న బీరువా తాళంచెవిని దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టేవాడు. ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఐదో తరగతి సెలవుల్లో, అందరూ వేరుశనగ చేనుకు పోయినప్పుడు నేను తీశా. ఆ డబుల్ బ్యారెల్ తుపాకీ బరువు, నూనె వాసన, చేతికి తగిలిన ఇనుము చల్లదనం ఇప్పటికీ గుర్తే. తూటాలు అదే అరలో అట్టపెట్టెలో ఉన్నాయి. చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. ఏమీ కాలేదు. ఇంట్లో దాచిన తాళంచెవి పిల్లలకు తెలియకుండా ఉండదు మామా.

అందుకే నేను నెంబర్ లాక్ తీసుకున్నా. కొనేటప్పుడు బ్యాటరీలు తలుపు బయటవైపు ఉన్నాయా, లోపలా అని చూడు. లోపలుంటే అవి అయిపోయిన రోజు చాలా పెట్టెలకు అత్యవసర తాళంచెవి తప్ప దారి ఉండదు. ఆ తాళంచెవినే ఇంట్లో దాచావంటే మళ్లీ పటం వెనక కథే. నాది బ్యాంకు లాకర్లో ఉంది. బ్యాటరీలు ఉగాదికి ఉగాదికి మారుస్తా. నెంబరుగా పిల్లల పుట్టినరోజు, బండి నెంబరు పెట్టొద్దు. అప్పుడప్పుడు మార్చి, బటన్లు గుడ్డతో తుడువు. లేకపోతే రోజూ నొక్కే నాలుగు అంకెలు నిగనిగలాడి వాటంతటవే చెప్పేస్తాయి.

నగల లాకర్లలో తుపాకీ పట్టదు. మా నాయనది దాదాపు నాలుగడుగులు. విప్పి బ్యారెల్ వేరు చేస్తే రెండున్నర అడుగుల్లో సర్దుకుంటుంది. కానీ రోజూ ఎవరు విప్పుతారు, నిలువు పెట్టే తీసుకో. బోల్టులతో నేలకో గోడకో బిగించాల్సిందే. లేకపోతే ఇద్దరు మనుషులు పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. మాది పాత మట్టిగోడ, బోల్టు నిలవదు కాబట్టి కాంక్రీటు నేలకు బిగించాం. తూటాలు వేరే గదిలో, వేరే తాళంతో పెట్టు. తోలు కవర్లో ఉంచితే చెమ్మకు తుప్పు పడుతుంది, నూనెగుడ్డతో తుడిచి అలాగే నిలబెట్టు. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పడెయ్.

మీ ఇంట్లో మెట్ల కింద గది ఉంది చూడు, దాని కొలతలు పంపు. నాకు పెట్టె చేసిచ్చిన ఆయనకు చూపిస్తా. నాయనకు నమస్కారాలు చెప్పు.

నీ
మామ