సరిహద్దు వాళ్ల ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో డేటా లీకైతే ఏం చేయాలో చెబుతూ ఒక వార్త వేశారు. పాస్‌వర్డ్ మార్చండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి అన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ మా గజపతి జిల్లాలో, ఏరు దాటితే శ్రీకాకుళం జిల్లా వచ్చేచోట, ఆ దగ్గర్లోని స్టేషన్ ఏదో తేలడానికి నాకు 23 రోజులు పట్టింది. చదివిన రోజే రాయాలనుకున్నాను. స్కూలు అడ్మిషన్ల రోజులు కావడంతో షాపులో తీరిక దొరకలేదు.

నాది జెరాక్స్ షాపు. పిల్ల చదువు ఫీజు కోసం కిందటేడు మా ఆవిడ నగలు ఏరు అవతల ఒక బంగారు రుణాల కంపెనీలో తాకట్టు పెట్టాం. ఒక గురువారం మధ్యాహ్నం ఆమెకు ఫోన్ వచ్చింది. "అమ్మా, మీ సరుకు సోమవారం వేలానికి వెళ్తోంది" అన్నాడట. చక్కటి తెలుగు. రుణం నెంబరు చెప్పాడు. నల్లపూసల గొలుసు ఒకటి, గాజులు రెండు, మొత్తం 31.4 గ్రాములు అని చెప్పాడు. ఆ 31.4 అన్న అంకె మా ఇంట్లో రసీదు మీద తప్ప ఎక్కడా లేదు. రసీదు బీరువాలో ఉంది. కంపెనీ వాళ్లు తప్ప ఇంకెవరికి తెలుస్తుందని ఆమె నమ్మింది. వేలం ఆపడానికి వడ్డీ కట్టాలంటే రెండు విడతల్లో 18,500 రూపాయలు ఫోన్‌పేలో పంపింది. నగలు పోతాయన్న టెన్షన్‌లో నాకు ఫోన్ కూడా చేయలేదు. ఆమెను తప్పుపట్టేవాళ్లు ఆ అంకె గురించి ఒక్క నిమిషం ఆలోచించాలి.

రాత్రి నేను ఇంటికొచ్చాక విషయం తెలిసింది. వెంటనే 1930కి చేశాం. ఫిర్యాదు నెంబరు ఇచ్చారు. డబ్బు వెళ్లిన ఖాతాలో మిగిలిన 4,200 ఆపారు. ఆ మాత్రమైనా దక్కింది అప్పటికప్పుడు చేయడం వల్లే. కాబట్టి ఎవరికైనా ఇలా జరిగితే తెల్లారనివ్వొద్దు, ముందు 1930 కొట్టండి.

మర్నాడు మా వైపు స్టేషన్‌కి వెళ్లాను. "రుణం ఆంధ్రలో తీసుకున్నారు కదా, అక్కడే ఇవ్వండి బాబూ" అన్నారు. షేర్ ఆటో ఎక్కి ఏరు దాటాను. అక్కడాయన నా కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఆధార్ మీద ఒడిశా అడ్రసు ఉంది. ఫోన్ ఎత్తింది, డబ్బు పంపింది కూడా అక్కడే. ఇది మాది కాదండీ" అన్నారు. మళ్లీ ఇటు వచ్చాను. డబ్బు చేరిన ఖాతా మూడో రాష్ట్రంలోది, సైబర్ స్టేషన్‌కి పొమ్మన్నారు. రెండు రోజులు షాపు మూసుకుని ఒక కాగితం పట్టుకుని తిరిగాను. ఎవరూ నన్ను తిట్టలేదు, కసరలేదు. తీసుకోలేదు, అంతే.

నా షాపుకి వచ్చే ఒక వకీలు గారు చెప్పేదాకా నాకు తెలియదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పోలీసులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా సరే ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది అదే. రాసుకున్నాక తమది కాకపోతే వాళ్లే పంపుకోవాలి. కాపీ మనకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు రాసి పోస్టులో ఎస్పీకి పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. నేను రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ తర్వాతే మా వైపు స్టేషన్ వాళ్లు పిలిచి ఎఫ్‌ఐఆర్ రాశారు. చట్టం పుస్తకంలో ఉన్నది స్టేషన్ బల్ల దాకా రావడానికి మామూలు మనిషి రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు పెట్టుకోవాలా? సరిహద్దు జిల్లాల స్టేషన్లలో గోడ మీద ఈ ఒక్క సెక్షన్ తెలుగులోనూ ఒడియాలోనూ రాయించలేరా?

ఇక కంపెనీ సంగతి. డబ్బు పోయిన 11 రోజులకు వాళ్ల నుంచి ఒక మెసేజ్ వచ్చింది. మొత్తం ఇంగ్లీషు. మా పిల్ల చదివి చెప్పింది: కొందరు ఖాతాదారుల సమాచారం బయటివాళ్ల చేతికి చిక్కి ఉండవచ్చు, అప్రమత్తంగా ఉండండి అని. ఎప్పుడు చిక్కిందో, ఏమేం చిక్కిందో లేదు. ఇలాంటివి బయటపడితే 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలున్నాయి. సర్కారుకి గంటల్లో తెలియాలి, బంగారం పెట్టినవాడికి మాత్రం వాళ్ల వీలునిబట్టి. ఆ మెసేజ్ ముందే, తెలుగులో వచ్చి ఉంటే మా ఆవిడ ఆ ఫోన్ పెట్టేసేది. జనానికి అర్థమయ్యే మాటల్లోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది మా జిల్లా కేంద్రమైన ఈ పర్లాకిమిడిలోనే. నూరేళ్లు దాటాక కూడా మన డబ్బు గురించి మనకు రాసే నాలుగు వాక్యాలు మనకు అర్థం కావు.

బ్యాంకుకూ వెళ్లాను. మనకు తెలియకుండా ఖాతాలో డబ్బు పోతే, తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా బయటివాళ్లదైతే, మూడు పనిరోజుల్లో చెబితే మన మీద భారం ఉండదని రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పింది. కానీ మా ఆవిడ తన చేత్తో పిన్ కొట్టింది కాబట్టి అది వర్తించదన్నారు. వాళ్లు చెప్పింది నిబంధనే, వాళ్లతో నాకు తగవు లేదు. నా తగవు ఆ 31.4 గ్రాముల అంకెను కాపాడలేకపోయినవాళ్లతో.

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజులు చూసి, జవాబు లేకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయవచ్చు. రాశాను. సమాచార సాంకేతిక చట్టం 43ఎ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో డేటా పోగొట్టిన కంపెనీ నుంచి పరిహారం అడగవచ్చు. 5 కోట్ల దాకా వినే అధికారం రాష్ట్ర ఐటీ కార్యదర్శికి ఉంది. ఆయన ఉండేది భువనేశ్వర్‌లో. 18,500 కోసం ఎన్నిసార్లు రైలెక్కగలను? మాలాంటివాళ్లకు అందేది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా మనం ఉన్నచోటే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు సేవలకు ఫీజు లేదు. ఏరు అవతల, ఇవతల అనే మాట అక్కడ వినబడదు. నేను ఇప్పుడు ఆ కాగితాలే సిద్ధం చేసుకుంటున్నాను.

కొత్త చట్టం వచ్చింది కదా అంటారు చాలామంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా పోతే ఆలస్యం లేకుండా బాధితుడికి చెప్పాలన్న బాధ్యతతో సహా ముఖ్యమైనవన్నీ 18 నెలల తర్వాతే, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. జరిమానా 250 కోట్ల దాకా వేయవచ్చట. ఆ డబ్బు వెళ్లేది సర్కారు ఖజానాకు. పోగొట్టుకున్న మనిషికి పైసా రాదు. పైగా ఆ చట్టంతోనే 43ఎ సెక్షన్‌ను తీసేస్తున్నారు. డేటా పోగొట్టిన కంపెనీ నుంచి పరిహారం అడిగే ఆ దారినీ మూసేసి దాన్ని రక్షణ అంటే ఎలా ఒప్పుకోవాలి? మా ఎంపీలు, ఎమ్మెల్యేలు ఈ ముక్క ఎక్కడైనా అడిగారా?

అసలు జబ్బు ఇంకా కింద ఉంది. రోజూ నా మెషిన్ మీద ఎన్ని ఆధార్ కార్డులు వెళ్తాయో లెక్కలేదు. ఏ ఆఫీసుకి వెళ్లినా రెండు కాపీలు, ఏ కౌంటరులోనైనా ఇంకొకటి. ఆ కాపీలు తర్వాత ఏమవుతాయి? మొన్న సంతలో మిక్చర్ పొట్లం కొన్నాను. విప్పితే లోపల ఎవరిదో పాన్ కార్డు జెరాక్స్, సంతకంతో సహా. నూనె మరక కింద కూడా నెంబరు స్పష్టంగా కనబడుతోంది. ఆ పొట్లం పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను. నా షాపులో చెడిపోయిన కాపీలను రాత్రి బక్కెట్ నీళ్లలో నానబెట్టి ముద్ద చేసి పారేస్తున్నాను. ఒక జెరాక్స్ షాపువాడు చేయగలిగిన పని ఆఫీసులు, కంపెనీలు చేయలేవా?

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసి ఇస్తున్నాను. కాపీ మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని తేదీతో రాయిస్తున్నాను. కొన్ని ఆఫీసుల్లో అది చెల్లదని వెనక్కి పంపుతున్నారు. ఆధార్ సంస్థ స్వయంగా ఇచ్చే కాపీ ఎందుకు చెల్లదో ఆ గుమాస్తాలకు పైవాళ్లు చెప్పాలి. మా ఇంట్లో అందరి వేలిముద్రలూ ఎమ్‌ఆధార్ యాప్‌లో లాక్ చేశాం. మన పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపే సర్కారు సైట్ సంచార్ సాథీలో చూస్తే మా ఆవిడ పేరుమీద మేం ఎప్పుడూ కొనని సిమ్ ఒకటి ఉంది, మాది కాదని నొక్కాం. ఆమె పేరుమీద ఎవరైనా అప్పు తీశారేమోనని క్రెడిట్ రిపోర్టు చూశాం. ఏడాదికి ఒకసారి ఉచితమే. అదృష్టవశాత్తు కొత్త అప్పేమీ లేదు.

నా ఉత్తరం అచ్చువేస్తే ఊరు, పేరు, ఫోన్ నెంబరు వేయవద్దని మనవి. ఆపిన 4,200 ఇంకా చేతికి రాలేదు. నగలు ఇంకా ఆ కంపెనీలోనే ఉన్నాయి. వచ్చే నెల 5న వడ్డీ కట్టడానికి మళ్లీ ఏరు దాటి అక్కడికే వెళ్లాలి.

ఇట్లు,
జెరాక్స్ షాపు యజమాని,
గజపతి జిల్లా, ఒడిశా